పచ్చచొక్కాలకు దారి లేదు

స్టేడియం వెనక సందులో మొత్తం పంతొమ్మిది ఇళ్ళు. మ్యాచ్ ఉన్న రోజున పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు తలుపులు బిగించుకుని లోపల కూర్చుని తిట్టుకుంటారు. పంతొమ్మిదో ఇంటాయన బయటికొచ్చి మరీ తిడతాడు. ఆయన్ని అందరూ మీటరాయన అంటారు. కరెంటు ఆఫీసు తరఫున ముప్ఫై మూడేళ్ళు ఇంటింటికీ తిరిగి మీటరు రీడింగు రాసి రిటైరైన మనిషి.

అన్నేళ్ళు ఊరివాళ్ళ మెట్ల కింద, చెప్పుల స్టాండ్ల వెనక, స్నానాలగదుల పక్కన తల దూర్చి అంకెలు చదివినవాడికి మనుషుల మీద గౌరవం మిగలమంటే ఎలా మిగులుతుంది? "నెలంతా మేం ఊళ్ళోనే లేమండీ" అనే ఇంట్లో మీటరు చక్రం గిర్రున తిరుగుతూ ఉండేది. "వెలిగేది ఒక్క బల్బేనండీ" అనే ఇంట్లో లోపలి గదిలోంచి మోటారు రొద వినపడేది. ఒక పెద్దమనిషి సీసం సీలు తెంపి, నమిలిన చూయింగ్ గమ్‌తో మళ్ళీ అతికించి, కుక్క కొరికిందని చెప్పాడు. మీటరు ఉన్నది నేలకు ఏడడుగుల ఎత్తున. అంత పొడుగు కుక్కను ఒకసారి చూపించమని మీటరాయన అడిగితే, అది నిద్రపోతోందని చెప్పాడట.

అలా ఆయనకొక పద్ధతి అలవడింది. ఇంటివాళ్ళు నోరు తెరిచి సగం మాట అనేసరికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. "మీరు చెప్పక్కర్లేదు, అది చెబుతుంది" అని మీటరు వైపు చూపించేవాడు. మిగతా సగం మాట ఎప్పుడూ వినలేదు. వినకపోవడం వల్ల ఉద్యోగంలో ఒక్క రీడింగు కూడా తప్పు పోలేదని గొప్పగా చెప్పుకునేవాడు. అది నిజమే. మీటరు విషయంలో నిజమే.

పదేళ్ళ కిందటి దాకా ఆ సందు పక్కన చెత్త పోసే ఖాళీ జాగా ఉండేది. ఇప్పుడక్కడ స్టేడియం ఉంది. "చెత్తే నయం, పడ్డచోటే పడి ఉండేది, హారను కొట్టేది కాదు" అంటాడు మీటరాయన. నలభై వేలమంది కూర్చునే స్టేడియం కట్టి, వెయ్యి కార్లకు జాగా విడిచారు. తక్కినవాళ్ళు ఆకాశంలోంచి దిగుతారనుకున్నారు కాబోలు. వాళ్ళు దిగేది మాత్రం ఈ సందులో. గేటుకు అడ్డంగా కారు పెడతారు, గోడకు ఆనుకుని చేయకూడని పని చేస్తారు, ఖాళీ సీసా మెట్ల మీద నిలబెట్టి పోతారు. ఏమయ్యా అంటే మనల్నే వింతగా చూస్తారు. మ్యాచ్‌లు చాలవన్నట్టు పాటల కచేరీలు, కంపెనీల వేడుకలు కూడా అక్కడే. ఒకసారి ఎవరో మహానుభావుడు మనశ్శాంతి గురించి ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చాడు. ఆ రోజు పార్కింగు కోసం సందులో జరిగినన్ని కొట్లాటలు మరే రోజూ జరగలేదు. ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు, ఇద్దరి చేతుల్లోనూ ముందు వరస టికెట్లే.

ఏడాదికోసారి స్టేడియం వాళ్ళు సందువాళ్ళను మీటింగుకు పిలుస్తారు. టై కట్టుకున్న ఒకాయన వచ్చి, సహకారానికి కృతజ్ఞతలు చెప్పి, ఇంటికొక కీచెయిన్ ఇచ్చి పంపుతాడు. సహకరించింది ఎవరో, ఎప్పుడో ఆయన చెప్పడు, వీళ్ళూ అడగరు. కీచెయిన్ల కోసం వరస కట్టిన పద్దెనిమిది ఇళ్ళవాళ్ళను చూస్తే మీటరాయనకు స్టేడియం వాళ్ళ మీదకంటే వీళ్ళ మీదే ఎక్కువ ఒళ్ళు మండేది.

అందుకని సొంతంగా ఒక తాడు కొన్నాడు. నీలంరంగు నైలాను తాడు. మ్యాచ్ రోజున పన్నెండింటికల్లా దాని ఒక కొస సందు మొదట్లో ఉన్న కరెంటు స్తంభానికి, రెండో కొస ఎదురింటి టైలరమ్మ గేటుకు కట్టేవాడు. మధ్యలో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. సందువాళ్ళ కార్లకు స్టేడియం ఇచ్చిన పసుపు కార్డు ఉంటుంది, అది చూపిస్తే తాడు దించుతాడు. కార్డు లేనివాడు ఎవడైనా సరే, వెనక్కే.

వచ్చేవాళ్ళకు అబద్ధాలు కూడా కొత్తవి దొరకవు. "మా పిన్ని ఇల్లు ఇక్కడేనండీ" అంటాడొకడు. "పిన్ని ఇంటి తలుపు ఏ రంగు?" అంటే గుడ్లు తేలేస్తాడు. ఒకడు డాక్టరునంటాడు, ఒకడు మందులు ఇచ్చి పోతానంటాడు. వెనక సీట్లో నలుగురు బుగ్గలకు పచ్చరంగు పూసుకుని కూర్చుంటారు. ఇక్కడి జట్టు రంగు ఆకుపచ్చ. మీటరాయన ఆ రంగును ఎంత అసహ్యించుకున్నాడంటే, ఇంట్లో పచ్చ దుప్పటి ఉంటే పాతబట్టలవాడికి ఇచ్చేశాడు.

ఆయన భార్య మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆవిడ బస్టాండులో అనౌన్సరుగా పనిచేసింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఎంత ఆలస్యమో ఇరవై ఎనిమిదేళ్ళు మైకులో చెప్పింది. "ఆ బస్సు ఎప్పుడొస్తుందమ్మా?" అని కిటికీ దగ్గరికొచ్చి అడిగినవాళ్ళు తమ ఊరు, పెళ్ళి, జ్వరం, బావగారి తగాదా అంతా చెప్పుకుంటుంటే చివరిదాకా విని, అప్పుడు బస్సు వేళ చెప్పేది. "అంతసేపు ఎలా వింటావే?" అని విసుక్కునేవాడు మీటరాయన. "చెప్పేవాళ్ళకు లేని తొందర వినేదాన్ని నాకెందుకండీ?" అనేది.

నాలుగున్నర నెలల కిందట ఒక ఉదయం వంటింట్లో గరిటె పట్టుకునే కూలబడింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, దాంతోపాటు మాటా పోయింది. అన్నీ అర్థమవుతాయి, చెప్పాలనుకున్నదీ లోపల ఉంటుంది, పైకి రాదు. పెదాలు కదుపుతుంది, గొంతులోంచి ఏదో చప్పుడు వస్తుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. "ఆరు నెలల్లోపల రాబట్టుకోగలిగినంత మాట రాబట్టుకోవాలి. తర్వాత చాలా నెమ్మదైపోతుంది" అన్నాడు డాక్టరు. ఊళ్ళో మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు ఒక్కరే ఉన్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళమని చీటీ రాసిచ్చాడు.

మొదటి అపాయింట్‌మెంటు రోజున స్టేడియంలో మ్యాచ్. ఈ సందు పేరు వినగానే ఆరుగురు టాక్సీవాళ్ళు ఫోను పెట్టేశారు. రెండోసారి టాక్సీని రెండు గంటల ముందే పిలిచి గేటు లోపల పెట్టించాడు. భార్యను చక్రాల కుర్చీలోంచి ఎత్తి అందులో కూర్చోబెట్టి చూస్తే, గేటుకు అడ్డంగా ఎవడిదో కారు. అద్దం మీద ఒక చీటీ, 'రెండు నిమిషాల్లో వస్తాను' అని. ఆ రెండు నిమిషాలు నాలుగు గంటలు నడిచాయి. వాడు వచ్చి, ఈలవేసుకుంటూ కారు తీసుకుని, "మనమే గెలిచాం అంకుల్" అని చెప్పి పోయాడు. భార్య అప్పటికి కుర్చీలోకి తిరిగొచ్చేసింది.

క్లినిక్ రిసెప్షన్ అమ్మాయిని కాళ్ళావేళ్ళా పడ్డంత పనిచేసి బతిమాలితే, మూడోసారి థెరపిస్టు మేడమే ఇంటికి వస్తారని చెప్పింది. శనివారం మూడింటికి. "ఇది తప్పితే మళ్ళీ నెలన్నర దాకా ఖాళీ లేదండీ" అంది. అంటే ఆరు నెలలూ నిండిపోతాయి. ఆదివారం జరగాల్సిన మ్యాచ్‌ను టీవీవాళ్ళ కోసం శనివారానికి మార్చినట్టు మర్నాడు పేపర్లో వచ్చింది.

మీటరాయన పేపరు అక్కడే పడేసి స్టేడియం ఆఫీసుకు పోయాడు. చుట్టాలొచ్చే ఇళ్ళకు తెల్ల అతిథి కార్డు ఇస్తారు. వారం ముందు దరఖాస్తు పెట్టాలి. మూడు రకాల కాగితాలు, ఒక ఫోటో, సగం రోజు బెంచీ. చివరికి గుమాస్తా అమ్మాయి కార్డు చేతికిచ్చింది. "పెద్దరోడ్డు బారికేడు దగ్గర కారు అద్దానికి ఇది ఉండాలండీ, లేకపోతే లోపలికి రానివ్వరు."

"మరి వచ్చే మనిషికి పంపించండి."

"మేం పంపమండీ. ఇంటివాళ్ళకే ఇస్తాం. అతిథి ఇంటికొచ్చాక మీరు ఆవిడకు ఇవ్వాలి."

"కార్డు లేందే ఇంటికి రానివ్వరు. ఇంటికి రాందే కార్డు ఇవ్వకూడదు. అంతేనా?"

అమ్మాయి రిజిస్టరు తిరగేసింది. "ఇప్పటిదాకా ఎవరూ ఈ ఇబ్బంది చెప్పలేదండీ" అంది.

"చెప్పాల్సినవాళ్ళు ఇంకా బారికేడు దగ్గరే నిలబడి ఉన్నారమ్మా" అని కార్డు జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాడు. క్లినిక్‌కు ఫోను చేసి సంగతి చెబితే, "మేడమ్ చూసుకుంటారులెండి" అంది రిసెప్షన్ అమ్మాయి. ఏం చూసుకుంటారో ఆయన అడగలేదు.

శనివారం పదకొండింటికే తాడు కట్టాడు. తన గేటు ముందు జాగాలో రెండు ఖాళీ పెయింటు డబ్బాలు పెట్టి వాటిమీద పలక వేశాడు. ఆ జాగా మేడమ్ కారు కోసం. భార్యను చక్రాల కుర్చీలో కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఫోను చార్జింగులో పెట్టి, సందు మొదట్లోకి వచ్చి స్టూలెక్కాడు. రెండున్నరయ్యేసరికి పదహారు కార్లను తిప్పి పంపాడు. ఒకడు అత్తగారికి గుండెనొప్పి అన్నాడు. ఒకామె తాను నిండు చూలాలినంది. పొట్ట మీద చెయ్యి తీసేసరికి టీషర్టు కింద నుంచి పచ్చజెండా జారింది. మీటరాయన ఆనందానికి అంతులేదు. మనుషులు ఎంత నీచులో రుజువైన ప్రతిసారీ ఆయనకు ఒక ముద్ద ఎక్కువ తిన్నంత తృప్తి.

రెండూ నలభై అయిదుకు ఒక చిన్న ఎర్రకారు వచ్చి తాడు ముందు ఆగింది. అద్దానికి స్టేడియం పార్కింగు స్టిక్కరు. లోపల ఒక్కతే అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. పచ్చచొక్కా, పచ్చటోపీ. తల బయటికి పెట్టి, "నమస్తే అండీ, ఈ సందులో ఒక పేషెంటు..." అంది.

"పేషెంటా!" అన్నాడు మీటరాయన. "పొద్దుటి నుంచి ఈ సందులోకి ఒక గుండెనొప్పి వచ్చింది, ఒక కాన్పు వచ్చింది. ఇంక నువ్వొక్కదానివే తక్కువయ్యావు. నీ పేషెంటుకు ఏం జబ్బు? గోలు కొట్టకపోతే నిద్ర పట్టదా?"

"కాదండీ, నేను చెప్పేది ఒక్క నిమిషం..."

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు చెప్పక్కర్లేదమ్మా. అద్దం మీద స్టిక్కరు చెబుతోంది కదా."

"ఈ కారు నాది కాదండీ, మా తమ్ముడిది."

"చొక్కా కూడా తమ్ముడిదేనా?"

"అవునండీ" అంది ఆ అమ్మాయి.

మీటరాయన పకపకా నవ్వాడు. "సిగ్గుండాలి. చదువుకున్నదానిలా ఉన్నావు, అబద్ధమైనా నీటుగా చెప్పడం నేర్చుకోలేదు. తిప్పు, తిప్పు. నీలాంటివాళ్ళకు ఈ సందులో పిన్నులూ లేరు, పేషెంట్లూ లేరు." ఆ అమ్మాయి మొహం కందిపోయింది. ఫోను తీసి ఏదో నొక్కింది, నలభై వేలమంది ఒకేసారి నొక్కుతున్నారు కాబట్టి అది పలకలేదు. వెనక మూడు కార్లు హారను మొదలుపెట్టాయి. ఆమె ఇంకోసారి నోరు తెరిచి, ఆయన మొహం చూసి, మూసేసింది. కారు వెనక్కి పోయింది.

తాడు దగ్గర ఏ కారు ఆగినా కిటికీలోంచి కనపడుతుంది కాబట్టి, మేడమ్ వచ్చే వేళయిందని మీటరాయన ఇంట్లోకి వచ్చాడు. భార్య ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద దబదబా కొడుతోంది. కిటికీలోంచి సందు మొదలు వైపు చూపిస్తూ, గొంతు చించుకుని ఏదో అంటోంది. "ఊ... ఊ..."

"చూశావా? పదిహేడు" అన్నాడు ఆయన. "ఆ చివరిదాన్ని కూడా తరిమేశాలే, కంగారుపడకు."

ఆవిడ ఇంకా గట్టిగా కొట్టింది.

"నీళ్ళా? ఫ్యానా? బాత్‌రూముకా?" అని మూడు ప్రశ్నలు ఒక్క ఊపిరిలో అడిగి, జవాబు కోసం ఆగకుండా నీళ్ళగ్లాసు నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. నీళ్ళు చీర మీద ఒలికాయి.

మూడయింది. మూడుంపావయింది. మీటరాయనకు మేడమ్ మీద కూడా చులకన మొదలైంది. "ఇంతేనే వీళ్ళు. గోడకు సర్టిఫికెట్లు తగిలిస్తారు కానీ గడియారం ఒక్కటి తగిలించరు. ముప్ఫై మూడేళ్ళలో నేను ఒక్క ఇంటికి ఒక్క రోజు ఆలస్యంగా పోయానా?" భార్య ఆయన వంక చూడటం మానేసింది.

అప్పుడు ఫోను మోగింది. రిసెప్షన్ అమ్మాయి. "పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చేశానో, లైను కలవనే లేదండీ. మేడమ్ మీ సందు మొదలు దాకా వచ్చారట. అక్కడెవరో ఒక పెద్దాయన తాడు కట్టుకుని కూర్చుని, చాలా దురుసుగా మాట్లాడి పంపేశాడట. ఎవరండీ ఆయన? మీ సందువాడేనా?"

మీటరాయన ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. "ఏ... ఏ కారు?"

"ఎర్రది. ఆవిడ తమ్ముడిది. పొద్దున అటువైపే ఇంకో పేషెంటు ఇంటికి వెళ్తుంటే, ఉన్నమాట చెప్పినందుకు బారికేడు దగ్గర వెనక్కి పంపేశారు. టికెట్టువాళ్ళ కార్లనే వదులుతున్నారట. అందుకని ఇంటికి పోయి తమ్ముడి కారు, తమ్ముడి చొక్కా వేసుకొచ్చారు. మీ ఆవిడకు ఇప్పటికే ఆలస్యమైందని, ఎలాగైనా రావాలని. ఇప్పుడు తిరిగి వెళ్ళిపోతున్నారు. పెట్రోలు బంకు దగ్గర ఇరుక్కుపోయారట. నాలుగున్నరకు వేరే చోట ఉండాలి."

"ఆయన ఎవరో..." అన్నాడు మీటరాయన. ఎదుటివాళ్ళు చెబితే ఏడడుగుల కుక్కను వెతికే మనిషి, కాసేపు తాను కూడా ఒక కుక్క కోసం వెతికాడు. దొరకలేదు. "నేనేనమ్మా" అన్నాడు. "అక్కడే ఉండమను. నేను వస్తున్నాను."

టైలరమ్మను కేకేసి భార్య దగ్గర కూర్చోమని చెప్పి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగు తీశాడు. అరవై రెండేళ్ళ మనిషి, ఎదురుగా పచ్చచొక్కాల వరద. భుజాలు తగులుతున్నాయి, బూరలు చెవుల్లో ఊదుతున్నారు. "తాతా, స్టేడియం అటు!" అని ఎవడో నవ్వాడు. రోజూ తాను తిప్పి పంపేవాళ్ళ మధ్య నుంచి ఎదురీదుతూ పోవాల్సొచ్చింది. బంకు దగ్గర కార్లు అంగుళం కూడా కదలడం లేదు. పదేళ్ళుగా ఏ ట్రాఫిక్ జామ్‌ను తిట్టిపోశాడో అదే ఇవాళ ఆ అమ్మాయిని ఆయన కోసం పట్టి ఉంచింది. అందుకైనా దానికి కృతజ్ఞత చూపాలన్న బుద్ధి పుట్టలేదు, లోపల ఇంకాస్త తిట్టుకున్నాడు.

ఎర్రకారు అద్దం మీద వేలితో తట్టాడు. అది బెత్తెడు కిందికి దిగింది.

"మీరేనా!" అంది ఆ అమ్మాయి.

"నేనేనమ్మా. పేషెంటు మా ఆవిడ."

ఆమె ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. రొప్పుతున్నాడు. ఒక చెప్పు లేదు. ఆ చూపులో కోపం కూడా లేదు. ఇంతకంటే ఎక్కువ ఆశించలేదన్నట్టు ఉంది. మనుషుల్ని ఆయన ఇన్నేళ్ళూ చూసింది సరిగ్గా అలాగే. తన మీద పడితే ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది.

"అమ్మా, నేనేమనుకున్నానంటే, పొద్దుటి నుంచి..."

"అదంతా తర్వాత. ఎక్కండి. టైము లేదు."

బంకులోంచే కారు అటు తిప్పి మళ్ళీ బారికేడు వైపు పోనిచ్చింది. మీటరాయన జేబులోంచి తెల్లకార్డు తీసి, "ఇదుగో, అతిథి కార్డు, సంతకంతో సహా" అన్నాడు.

"లోపల పెట్టండి. అది చూపిస్తే పక్కరోడ్డుకు పంపుతారు, అక్కడి నుంచి గంట పడుతుంది." ఆమె తన టోపీ తీసి ఆయన ఒళ్ళో పడేసింది. "ఇది పెట్టుకోండి. అడిగితే మ్యాచ్‌కని చెప్పండి."

మీటరాయన ఆ పచ్చటోపీని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. తర్వాత నెత్తిన పెట్టుకున్నాడు. కానిస్టేబులు వంగి లోపలికి చూశాడు, స్టిక్కరు చూశాడు, టోపీ చూసి నవ్వాడు. "ఏం తాతగారూ, ఇవాళ గెలుపు ఎవరిది?"

"మాదే" అన్నాడు మీటరాయన. అంతకంటే చేదుమాట ఆయన నోట్లోంచి ఎప్పుడూ రాలేదు. బారికేడు తెరుచుకుంది. నిజం చెప్పినవాళ్ళను ఆపి, అబద్ధం చెప్పిన టోపీలను వదిలే ఆ కానిస్టేబులును చూసి మామూలుగా అయితే ఇంటికెళ్ళే దాకా నవ్వేవాడు. ఇవాళ టోపీ సరిచేసుకున్నాడు.

సందులో తాడు తనే విప్పాడు. గేటు ముందు పెయింటు డబ్బాలు రెండూ పక్కకు తన్నేసి ఉన్నాయి. వాటి జాగాలో ఎవడిదో తెల్లకారు నిక్షేపంగా నిలబడి ఉంది. తాడు పైకెత్తి దూరి సందులోపల తిష్ఠ వేయడానికి వాడికి అరగంట చాలింది. "ఇక్కడే వదిలెయ్యమ్మా" అన్నాడు మీటరాయన. ఎర్రకారు నడిసందులో, అటూ ఇటూ దారి లేకుండా ఆగింది. "మిగతావాళ్ళు ఎలా పోతారు?" అంది టైలరమ్మ గుమ్మంలోంచి. "ఎలాగో పోతారు" అని లోపలికి నడిచాడు. ఆ మాట ఆయనతో ఎంతోమంది అన్నారు. అనడం ఇదే మొదటిసారి.

ఇంకా ఇరవై అయిదు నిమిషాలే ఉన్నాయి. ఆ అమ్మాయి చక్రాల కుర్చీ ఎదురుగా నేల మీద కూర్చుంది. పచ్చచొక్కా చూసి ఆవిడ మొహం విప్పారింది. అప్పుడర్థమైంది మీటరాయనకు. ఇందాక ఆవిడ కుర్చీ మీద కొట్టింది నీళ్ళ కోసం కాదు. కారులోంచి ఆ అమ్మాయి తల బయటికి పెట్టి మాట్లాడటం, ఇంటి నంబర్లు వెతకడం కిటికీలోంచి చూసింది. పేషెంటన్న మాట కూడా వినే ఉంటుంది.

"నిద్ర బాగా పడుతోందా అమ్మా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"రెండింటికి ఒకసారి లేస్తుందండీ" అన్నాడు మీటరాయన.

"మధ్యాహ్నం ఏం తిన్నారు?"

"అన్నం, కొంచెం పెరుగు."

"మీకు ఎక్కువ ఏం మాట్లాడాలనిపిస్తోంది?"

"దానికి ముఖ్యంగా..." అని ఆయన మొదలుపెట్టాడు.

ఆ అమ్మాయి తల తిప్పి చూసింది. "ఇద్దరిలో పేషెంటు ఎవరండీ?" అంది. "నాలుగున్నర నెలలుగా ఆవిడ నోరు తెరిచేలోపే మీరు జవాబు చెప్పేస్తున్నట్టున్నారు. ఇంక ఆవిడ మాట వెతుక్కోవడం ఎందుకు? బయటికి వెళ్ళి కూర్చోండి."

ఈ ఇంట్లో ఆయనను బయటికి వెళ్ళమన్నవాళ్ళు ఇంతవరకు లేరు. అయినా వెళ్ళాడు. స్టూలు తెచ్చుకుని కిటికీ కింద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఆ తెల్లకారు. దాని మీద కేకలేయడానికి కూడా ఒంట్లో ఓపిక లేదు.

లోపల ఆ అమ్మాయి ఏదో బొమ్మ చూపించి, "ఇదేమిటి?" అంది. తర్వాత నిశ్శబ్దం. మీటరాయన నోటిదాకా వచ్చింది, 'కప్పు' అని. పళ్ళు బిగించాడు. నిశ్శబ్దం సాగుతూనే ఉంది. ఒక నిమిషం ఇంత పొడుగుంటుందని ఆయనకు తెలియదు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు, అందించలేదు, ఊరికే కూర్చుంది. స్టేడియంలో గోల లేచింది, పడింది. అప్పుడు, ఎక్కడో అడుగు నుంచి లాక్కొచ్చినట్టు, "క... క... కప్పు" అంది ఆయన భార్య.

నాలుగున్నర నెలల తర్వాత మొదటి మాట. మీటరాయన రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని తల వంచుకున్నాడు. లోపల చెంచా వచ్చింది, దువ్వెన వచ్చింది. తాళం రాలేదు. ఆ అమ్మాయి పర్వాలేదంది. టైము అయిపోవస్తోంది.

"చివరిది ఒకటి అడుగుతాను" అంది. కిటికీ వైపు చెయ్యి చాపినట్టుంది, గాజుల చప్పుడైంది. "బయట స్టూలు మీద కూర్చున్నారే, ఆయన ఎవరమ్మా?"

మీటరాయన తలెత్తాడు. దీనికి జవాబు కష్టమేమీ కాదు, చిన్నమాటే, ముప్ఫై అయిదేళ్ళుగా రోజుకు పదిసార్లు అన్నమాటే. 'మా ఆయన.' రాకపోతే ఎలా అని భయం వేసింది. రావాలని మనసులో ఎవరెవరికో దండం పెట్టుకున్నాడు. లోపల పెదాలు కదులుతున్న అలికిడి. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆయన ఈసారి మనసులో కూడా అందించలేదు, నిజంగా ఆగాడు.

"వా..." అంది ఆవిడ. "వాచ్... మన్."

ఆ అమ్మాయి చప్పున నవ్వాపుకుంది. "దగ్గరి మాట వస్తోందంటే మంచి గుర్తేనండీ. ఒకటి వెతుకుతుంటే దాని పక్కది దొరుకుతుంది" అని కిటికీలోంచి ఆయనకు వినపడేలా సర్దిచెప్పింది. "మరోసారి అడుగుతాను, తొందరేం లేదు. ఆయన ఎవరు?"

మీటరాయన లేచి నిలబడి కిటికీలోంచి లోపలికి చూశాడు. ఆయన భార్య కూడా ఆయన్నే చూస్తోంది, కళ్ళార్పకుండా.

"వాచ్‌మన్" అంది. రెండోసారి అంతసేపు పట్టలేదు.